శివారు సీటు

2014 నవంబరు 4 రాత్రి అమెరికాలో చాలామంది నాయకుల భవితవ్యం టీవీల్లోనే తేలిపోయింది. సెనేట్ రిపబ్లికన్ల వశమైంది. ఒబామా పార్టీకి ఎదురుగాలి బలంగా వీచిన ఏడాది అది. కాలిఫోర్నియా రాజధాని శాక్రమెంటోను ఆనుకుని ఉన్న 7వ నియోజకవర్గం ఫలితం మాత్రం ఆ రాత్రి తేలలేదు. మర్నాడూ తేలలేదు. ప్రతినిధుల సభలో ఆ ప్రాంతానికి సిట్టింగ్ సభ్యుడైన డెమొక్రాట్ డాక్టర్ అమీ బెరా వెనకబడి ఉన్నారు. రిపబ్లికన్ అభ్యర్థి డగ్ ఓస్ ముందున్నారు. లెక్కించాల్సిన కవర్లు ఇంకా గుట్టలుగా పడి ఉన్నాయి.

మనకు ఓట్ల లెక్కింపంటే ఒక్క పూట పని. పొద్దున ఎనిమిదింటికి మొదలైతే మధ్యాహ్నానికల్లా రంగులు చల్లుకోవడం, బాణసంచా. కాలిఫోర్నియాలో అలా కుదరదు. అక్కడ ఎక్కువమంది ఇంట్లోనే కూర్చుని ఓటు వేసి, కవరులో పెట్టి, కవరు మీద సంతకం చేసి పంపుతారు. ఆఖరి రోజు దాకా దగ్గరే ఉంచుకుని పోలింగ్ కేంద్రంలో ఇచ్చి వెళ్లేవాళ్లు వేలల్లో ఉంటారు. ఆ ప్రతి కవరు మీది సంతకాన్నీ ఓటరుగా నమోదైనప్పటి సంతకంతో పోల్చి చూడాలి. కుదిరిందనుకున్నాకే కవరు తెరవాలి. లోపలి బ్యాలెట్‌ను వేరుచేసి, ఎవరిదో తెలియకుండా మిగతావాటిలో కలిపి, మడతలు సరిచేసి యంత్రానికి అందించాలి. జాబితాలో పేరు దొరకనివాళ్లు వేసిన తాత్కాలిక ఓట్ల సంగతి మరీ నిదానం. ఆ మనిషికి ఓటుందా, ఇంకెక్కడైనా వేశాడా అన్నది తేల్చుకుంటే గాని లెక్కలోకి తీసుకోరు. ఈ పనంతటికీ చట్టం కౌంటీలకు దాదాపు నెల గడువిస్తుంది. అప్పట్లో 7వ నియోజకవర్గం మొత్తం ఒకే కౌంటీలో ఉండేది కాబట్టి భారమంతా శాక్రమెంటో కౌంటీ సిబ్బంది మీదే పడింది.

కొత్త లెక్క బయటికొచ్చిన ప్రతిసారీ ఓస్ ఆధిక్యం కొంత కరిగింది. తర్వాత మొత్తం పోయింది. పోలింగ్ జరిగిన రెండు వారాలకు గాని బెరా గెలిచినట్టు తేలలేదు. లెక్కంతా ముగిసేసరికి బెరాకు 92,521 ఓట్లు, ఓస్‌కు 91,066. మెజారిటీ 1,455.

1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానంలో కొణతాల రామకృష్ణ తొమ్మిది ఓట్లతో గట్టెక్కిన సంగతి గుర్తున్న తెలుగు పాఠకుడికి 1,455 పెద్ద మెజారిటీగానే తోచవచ్చు. బెరా విషయంలో విశేషం ఒకసారి బొటాబొటిగా బయటపడటం కాదు. 2012లో, 2014లో, 2016లో, వరసగా మూడుసార్లు ఆయన సీటు చివరి కవరు దాకా తేలని సీటే. ఓటమితో మొదలైన ఆ ప్రయాణం చూస్తే బొటాబొటి సీటు ప్రజలకు చేసే మేలు తెలుస్తుంది, ప్రతినిధి చేత చేయించే తప్పులూ తెలుస్తాయి. రెండూ కలిపి చూసినా మేలే ఎక్కువని నా నమ్మకం. ఆ రకం సీట్లే అమెరికాలో ఒక్కొక్కటిగా చెరిగిపోతున్నాయి.

కౌంటీ డాక్టరు

అమరీశ్ బాబూలాల్ బెరా 1965లో లాస్ ఏంజెలెస్‌లో పుట్టారు. తండ్రి బాబూలాల్ 1958లో గుజరాత్ నుంచి వెళ్లినవారు. అప్పట్లో అమెరికాలో స్థిరపడటానికి భారతీయులకున్న కోటా ఏడాదికి వంద. ఆ కోటాను తీసేసిన వలస చట్టం వచ్చింది కూడా 1965లోనే. మన ఇంజినీర్లు, డాక్టర్లు వేలకువేలుగా వెళ్లింది ఆ తర్వాతే. బెరా కుటుంబం అంతకు ముందు తరానిది.

ఆరెంజ్ కౌంటీలోని లా పాల్మాలో పెరిగి, ప్రభుత్వ బడుల్లో చదువుకుని, అర్వైన్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డిగ్రీ, అక్కడే 1991లో వైద్యవిద్య పూర్తిచేశారు. భార్య జనీన్ కూడా డాక్టరే. 1999లో శాక్రమెంటో కౌంటీకి ముఖ్య వైద్యాధికారి అయ్యారు. బీమా లేనివాళ్లు, ఉద్యోగం పోయి బీమా పోగొట్టుకున్నవాళ్లు చివరికి చేరుకునేది కౌంటీ గుమ్మానికే. ఆ తర్వాత డేవిస్‌లోని విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో అధ్యాపకుడిగా, ప్రవేశాల విభాగం బాధ్యుడిగా పనిచేశారు. రాజకీయ కుటుంబం కాదు. పార్టీలో మెట్టుమెట్టుగా ఎదిగిన మనిషీ కాదు. ఆరోగ్య బీమా చట్టం మీద దేశం రెండుగా చీలి పోట్లాడుకుంటున్న రోజుల్లో, ఆ వాదన తన వృత్తికి సంబంధించింది కాబట్టి బరిలోకి దిగారు.

దిగిన చోటు తేలికైంది కాదు. శాక్రమెంటో నగరం డెమొక్రాట్లది. దాటి తూర్పుకు వెళ్తే సియెరా కొండల పాదాల దాకా రిపబ్లికన్లది. మధ్యలో ఉన్నవి శివారు పట్టణాలు. రాంచో కార్డోవా ఏరోజెట్ రాకెట్ ఇంజిన్ల కర్మాగారం, మేథర్ వైమానిక స్థావరం పంచన పెరిగింది. 1993లో స్థావరం మూతపడ్డాక కొత్త బతుకుతెరువు వెతుక్కుంది. సిట్రస్ హైట్స్ 1997లో సొంత నగరపాలన తెచ్చుకుంది. ఫోల్సమ్‌లో ఒకప్పుడు జైలే ప్రసిద్ధి, తర్వాత ఇంటెల్ వచ్చింది. ఎల్క్ గ్రోవ్ పొలాల మధ్య పల్లె. 2000లో నగరమైంది. కొద్ది ఏళ్లకే దేశంలో అన్నిటికన్నా వేగంగా పెరుగుతున్న నగరమని జనగణన శాఖ ప్రకటించింది. ఆ కొత్త ఇళ్లు కొన్నది ఎక్కువగా రాష్ట్ర ప్రభుత్వోద్యోగులు, నర్సులు, ఫిలిప్పీన్స్ నుంచీ వియత్నాం నుంచీ చైనా నుంచీ పంజాబు నుంచీ వచ్చిన కుటుంబాలు. 2008లో గృహరుణాల సంక్షోభం వచ్చినప్పుడు మొదట కూలింది కూడా ఇలాంటి వీధులే. కిస్తీ కట్టలేక ఇంటి తాళాలు బ్యాంకుకు అప్పగించిన కుటుంబం లేని వీధి అరుదు. ఇలాంటి చోట ఓటు పార్టీ జెండా చూసి పడదు. ఇంటి ధర, బడి, ఆస్పత్రి బిల్లు చూసి పడుతుంది.

ఓటమితో మొదలు

2010లో బెరా ఎదుర్కొన్నది రిపబ్లికన్ డాన్ లంగ్రెన్‌ను. లంగ్రెన్ తండ్రి రిచర్డ్ నిక్సన్‌కు వ్యక్తిగత వైద్యుడు. డాన్ 1979 నుంచి పదేళ్లు దక్షిణ కాలిఫోర్నియాలోని లాంగ్ బీచ్ వైపు నుంచి కాంగ్రెస్‌లో ఉన్నారు. తర్వాత రెండు దఫాలు రాష్ట్ర అటార్నీ జనరల్. 1998లో గవర్నర్ పదవికి పోటీచేసి గ్రే డేవిస్ చేతిలో ఓడారు. కొంతకాలం ఆగి ఉత్తరాదికి మారి, శాక్రమెంటో శివార్ల నుంచి 2005లో మళ్లీ కాంగ్రెస్‌లో అడుగుపెట్టారు. అంతటి పాతకాపుకు ఎదురుగా రాజకీయాల్లో ఓనమాలు దిద్దుతున్న డాక్టరు.

విరాళాల సేకరణలో బెరా లంగ్రెన్‌నే మించిపోయారు. అయినా ఆ ఏడాది రిపబ్లికన్ల వైపు లేచిన టీ పార్టీ ఉద్యమం గాలికి డెమొక్రాట్లు దేశవ్యాప్తంగా 63 సీట్లు పోగొట్టుకున్నారు. వాళ్లు పోటీపడిన 3వ నియోజకవర్గంలో లంగ్రెన్‌కు 50 శాతం, బెరాకు 43 శాతం వచ్చాయి.

ఓడినవాళ్లు ఎక్కువమంది పాత ఉద్యోగానికి వెళ్లిపోతారు. బెరా వెళ్లలేదు. రెండేళ్లు అవే వీధుల్లో తిరిగారు. ఈలోగా ఆయన చేతుల్లో లేని పని ఒకటి జరిగింది. కాలిఫోర్నియా ఓటర్లు 2010లో ఒక ప్రతిపాదనను ఆమోదించి, కాంగ్రెస్ నియోజకవర్గాల సరిహద్దులు గీసే అధికారాన్ని శాసనసభ్యుల చేతుల్లోంచి తీసి పౌరుల కమిషన్‌కు ఇచ్చారు. అయిదుగురు డెమొక్రాట్లు, అయిదుగురు రిపబ్లికన్లు, ఏ పక్షమూ కానివాళ్లు నలుగురు. మొత్తం పద్నాలుగు మంది. సిట్టింగ్ సభ్యుడి ఇల్లు ఎక్కడుందో, ఏ వీధి ఎవరికి ఓటేస్తుందో చూడకుండా గీయాలని వాళ్లకు ఆదేశం. వాళ్లు గీసిన కొత్త 7వ నియోజకవర్గం ఇరుపక్షాలకూ సమంగా పడింది.

2012లో అక్కడ బెరా, లంగ్రెన్ మళ్లీ తలపడ్డారు. ఈసారి బెరా తొమ్మిది వేల పైచిలుకు ఓట్లతో గెలిచారు. 51.7 శాతం, 48.3 శాతం. ఆ ఫలితం తేలడానికీ రోజులు పట్టింది.

అమెరికా కాంగ్రెస్‌కు ఎన్నికైన మూడో భారతీయ సంతతి సభ్యుడాయన. మొదటివారు దలీప్ సింగ్ సౌంద్. పంజాబు నుంచి 1920లో వెళ్లి, పౌరసత్వం కోసం 1949 దాకా ఎదురుచూసి, 1956లో దక్షిణ కాలిఫోర్నియా రైతుల ఓట్లతో గెలిచారు. రెండోవారు బాబీ జిందాల్, న్యూ ఆర్లీన్స్ శివార్ల నుంచి 2004లో. అంటే సౌంద్ గెలిచాక యాభై ఆరేళ్లలో మరో ఇద్దరు. బెరా గెలిచిన 2012 ఎన్నికల్లోనే న్యూజెర్సీ శివార్లలో మనవారొకరు ఓడిపోయారు. నెల్లూరులో పుట్టి, న్యూజెర్సీ అసెంబ్లీలో డిప్యూటీ స్పీకర్ దాకా ఎదిగిన ఉపేంద్ర చివుకుల. అక్కడి 7వ నియోజకవర్గంలో సిట్టింగ్ రిపబ్లికన్ లెనార్డ్ లాన్స్ మీద పోటీచేశారు. ఆ సీటు గీతలు రిపబ్లికన్లకు అనువుగా ఉన్నాయి. అభ్యర్థి అనుభవంలో బెరాకన్నా చివుకులదే పైచేయి. తేడా తెచ్చింది సరిహద్దు గీత. హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ 2018లో మేరీల్యాండ్ 6వ నియోజకవర్గంలో డెమొక్రాటిక్ ప్రైమరీలోనే డేవిడ్ ట్రోన్ అనే సంపన్న వ్యాపారి చేతిలో ఓడిపోయారు. తర్వాత అదే రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నర్ అయ్యారు. 2025 జనవరిలో కొలువుదీరిన ప్రతినిధుల సభలో భారతీయ సంతతివాళ్లు ఆరుగురున్నారు, అందరిలో సీనియర్ బెరాయే. తెలుగు మూలాలున్న సభ్యుడు మాత్రం అప్పటికింకా ఒక్కరూ లేరు.

రెండేళ్ల గడువు

ప్రతినిధుల సభ పదవీకాలం రెండేళ్లు. మన ఎంపీకి అయిదేళ్లుంటాయి కాబట్టి మొదటి మూడేళ్లు ఊపిరి తీసుకోవచ్చు. బెరా లాంటివారికి ప్రమాణస్వీకారం రోజే మళ్లీ విరాళాల ఫోన్లు మొదలవుతాయి. పైగా బి-ఫారం ఇచ్చే అధిష్ఠానం అక్కడ లేదు. ప్రైమరీలో జనమే తేల్చాలి. కాలిఫోర్నియాలో 2012 నుంచి పార్టీలకు వేర్వేరు ప్రైమరీలు కూడా పోయాయి. అందరూ ఒకే బ్యాలెట్ మీద ఉంటారు, మొదటి ఇద్దరు నవంబరుకు వెళ్తారు. ఒక్కో నియోజకవర్గంలో ఏడు లక్షల పైచిలుకు జనం ఉంటారు, మన లోక్‌సభ స్థానంతో పోలిస్తే చిన్నదే. ఖర్చు మాత్రం చిన్నది కాదు. 2014లో బెరా, ఓస్‌ల పోటీ దేశంలో అత్యంత ఖరీదైన ప్రతినిధుల సభ పోటీల్లో ఒకటి. ఆ డబ్బులో పెద్దభాగం బయటి సంఘాలు టీవీ ప్రకటనలకు పోసింది. రాష్ట్రంలో గవర్నర్ జెర్రీ బ్రౌన్ గెలుపు ఖాయమని తెలిసి ఓటర్లు ఇళ్లు కదలలేదు. 2012లో ఈ సీటులో రెండు లక్షల డెబ్బై వేల పైచిలుకు ఓట్లు పోలైతే, 2014లో పోలైనవి 1,83,587. ఇంటింటికీ తిరిగి కవరు వేశారా అని అడిగిన కార్యకర్తల కాళ్ల నొప్పులు ఆ 1,455లో ఉన్నాయి.

అలాంటి సీటులో కూర్చున్న మనిషి ఓటు ఎటు వేస్తాడు? ఇక్కడే బెరా రికార్డును జాగ్రత్తగా చదవాలి.

2013 శరదృతువులో ఒబామా బీమా చట్టం అమల్లోకి వస్తుండగా, పాత పాలసీలు రద్దయ్యాయని కొందరికి కంపెనీల నుంచి ఉత్తరాలు వచ్చాయి. ఉన్న పాలసీ పోదని అధ్యక్షుడు చెప్పిన మాట తప్పింది. పాత పాలసీలను కొనసాగనివ్వాలంటూ రిపబ్లికన్లు పెట్టిన బిల్లుకు 39 మంది డెమొక్రాట్లు ఓటేశారు. వాళ్లలో బెరా ఒకరు. చట్టాన్ని సమర్థిస్తూ గెలిచిన డాక్టరు, ఆ చట్టం వల్ల ఇబ్బంది పడినవాళ్ల మొర కూడా విన్నారు. నా లెక్కలో అది సరైన ఓటు. తన పార్టీ మాట నెగ్గడం కన్నా తన వీధిలో ఉత్తరం అందుకున్న మనిషి ముఖ్యమని భావించాడాయన.

2015 జూన్‌లో పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందాన్ని త్వరగా ముగించడానికి ఒబామాకు ప్రత్యేకాధికారం ఇచ్చే బిల్లు 218-208తో గట్టెక్కింది. అనుకూలంగా ఓటేసిన 28 మంది డెమొక్రాట్లలో బెరా ఉన్నారు. ఏడు నెలల ముందే ఆయన కోసం ఇళ్ల తలుపులు తట్టిన కార్మిక సంఘాలు ఈసారి ఆయనకే వ్యతిరేకంగా ప్రచారానికి దిగాయి. తప్పో ఒప్పో, అది తెలిసి చేసిన సాహసం. ఆ ఓటుతో కొత్త మిత్రులు పెద్దగా వచ్చిపడలేదు, పాత మిత్రులు మాత్రం దూరమయ్యారు.

అదే ఏడాది నవంబరులో పారిస్ దాడుల తర్వాత, సిరియా, ఇరాక్ శరణార్థుల రాకకు మరిన్ని అడ్డంకులు పెట్టే బిల్లు వచ్చింది. 47 మంది డెమొక్రాట్లు దానికి ఓటేశారు. బెరా పేరు అందులోనూ ఉంది. దీన్ని నేను సమర్థించలేను. వంద మంది కోటా ఉన్న రోజుల్లో పరాయి దేశం చేరి నిలదొక్కుకున్న కుటుంబంలో పుట్టిన మనిషి, యుద్ధం తరుముకొస్తే పారిపోయి వచ్చిన కుటుంబాల ముఖం మీద తలుపు వేయడంలో చేయి కలిపాడు. ఓటర్లలో ఉన్న భయానికి ఆయన ఎదురు చెప్పలేదు, తలొగ్గాడు. శివారు సీటు మనిషిని జనానికి దగ్గరగా ఉంచుతుంది, నిజమే. జనం బెదిరిన రోజున వాళ్లతో పాటు బెదిరేలా కూడా చేస్తుంది.

తండ్రి చేసిన పని

2016 మే నెలలో బాబూలాల్ బెరా ఫెడరల్ కోర్టులో నేరం ఒప్పుకున్నారు. వయసు 83.

అమెరికా చట్టం ప్రకారం 2010లో ఒక వ్యక్తి ఒక అభ్యర్థికి ఒక ఎన్నికకు ఇవ్వగలిగింది 2,400 డాలర్లు. ప్రైమరీ ఒక ఎన్నిక, నవంబరు మరొకటి. కొడుకుకు తాను ఇవ్వగలిగినంతా ఇచ్చేశాక తండ్రి ఆగలేదు. బంధువులను, స్నేహితులను, పరిచయస్తులను అడిగి వాళ్ల పేర్ల మీద చెక్కులు ఇప్పించారు. ఆ సొమ్ము తర్వాత వాళ్లకు తన జేబులోంచి తిరిగిచ్చారు. 2010, 2012 ఎన్నికల్లో కలిపి సుమారు తొంభై మంది పేర్ల మీద నూట ముప్పైకి పైగా విరాళాలు, రెండు లక్షల అరవై వేల డాలర్లకు పైమాటే. కొడుకుకు ఇది తెలుసనడానికి ఆధారమేదీ లేదని ప్రాసిక్యూటర్లే చెప్పారు. తనకు తెలియదని కొడుకూ చెప్పారు. ఆగస్టులో కోర్టు ఆ పెద్దాయనకు ఏడాది మీద ఒక రోజు జైలుశిక్ష వేసింది.

కొడుకు గెలవాలని ఇల్లూ పొలమూ తాకట్టు పెట్టిన తండ్రులను మన పంచాయతీ ఎన్నికల్లోనూ చూస్తాం. అందుకే ఈ తండ్రి మనసు మనకు కొత్త కాదు. కానీ అది ప్రేమే అని వదిలేయడానికి వీల్లేదు. ఇరవై, యాభై డాలర్లు పంపిన నర్సు మాటకూ రెండు లక్షలు పోయగలిగిన మనిషి మాటకూ విలువ సమానంగా ఉండాలనే ఆ పరిమితి పెట్టారు. తండ్రి తొక్కింది ఆ నర్సు హక్కును. కొడుకు మొదటి రెండు పోటీల మీద ఆ మరక ఉండిపోయింది. 2012లో అక్రమ విరాళాలు మొత్తంలో చిన్న పాలే, అయినా మెజారిటీ బొటాబొటిగా ఉన్న చోట ప్రశ్న లేవక మానదు. వీలునామా రాసుకుని మనవలతో గడపాల్సిన వయసులో ఒక మనిషి జైలుకు వెళ్లడం మాత్రం బాధ కలిగిస్తుంది. కోర్టు శిక్ష వేసింది సరైన పనే, బాధ కలగడమూ సహజమే.

ఆ నవంబరులోనే బెరా మూడోసారి గెలవాలి. ప్రత్యర్థి శాక్రమెంటో కౌంటీ షెరిఫ్ స్కాట్ జోన్స్, ఇంటింటా తెలిసిన పేరు. ప్రత్యర్థి పక్షం తండ్రి కేసును టీవీలో మోగించింది. కార్మిక సంఘాల్లో అలక ఇంకా ఉంది. అధ్యక్ష పోటీలో హిల్లరీ క్లింటన్‌కు ఇక్కడ పది శాతానికి పైగా ఆధిక్యం వచ్చింది. బెరాకు వచ్చింది రెండున్నర శాతం, ఏడు వేలకు కాస్త తక్కువ. అంటే క్లింటన్‌కు ఓటేసి, అదే కాగితం మీద షెరిఫ్‌కు గుర్తు పెట్టినవాళ్లు వేలల్లో ఉన్నారు. వాళ్లు బెరాను శిక్షించాలనుకున్నారు. దాదాపు శిక్షించారు కూడా.

ఓటు లేని మనవాళ్లు

ఫోల్సమ్‌లో ఇంటెల్ చుట్టూ, దాని వెనక వచ్చిన కంపెనీల చుట్టూ స్థిరపడినవాళ్లలో తెలుగువాళ్లు గణనీయంగా ఉన్నారు. ఆదివారం మామిడికాయ పప్పు, పిల్లల కూచిపూడి క్లాసు, సంక్రాంతికి ముగ్గుల పోటీ, అన్నీ అక్కడా ఉంటాయి. వాళ్లలో చాలామందికి ఓటు లేదు. హెచ్-1బి వీసా మీద వెళ్లి, గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెట్టి, ఒక దేశానికి ఏడు శాతానికి మించి ఇవ్వకూడదన్న నియమం వల్ల ఏళ్లకు ఏళ్లు వరుసలో నిలబడి ఉన్నవాళ్లు. ఆ పరిమితిని తీసేసే బిల్లు 2019 జులైలో ప్రతినిధుల సభలో 365-65తో నెగ్గింది. చట్టం కాలేదు.

కానీ అమెరికాలో నియోజకవర్గం గీసేది ఓటర్ల లెక్క మీద కాదు, జనాభా లెక్క మీద. పౌరసత్వం లేని మనిషి, చంటిపిల్ల, అందరూ లెక్కలోకి వస్తారు. వీసా కాగితం ఎక్కడో ఇరుక్కుంటే ఆ మనిషి వెళ్లి అడిగేది తన ప్రాంత ప్రతినిధి కార్యాలయాన్నే. నీకు ఓటుందా అని అక్కడ అడగరు. కాగితం తీసుకుని, వలస శాఖకు విచారణ పంపి, జవాబు రాబడతారు. గెలుపోటములు కొద్దివేల ఓట్ల మీద నడిచే సీటులో ఇది ఇంకా శ్రద్ధగా జరుగుతుందని నమ్మడానికి కారణముంది. ఓటు లేనివాడి పక్కింట్లో, గుడి కమిటీలో, ఆఫీసులో ఓటున్నవాడు ఉంటాడు.

మారింది ఎవరు?

2018 నుంచి బెరా పోటీలు మామూలైపోయాయి. ఆండ్రూ గ్రాంట్ మీద 55-45. 2020లో బజ్ ప్యాటర్సన్ మీద 57-43కు దగ్గరగా. 2022లో తమికా హామిల్టన్ మీద 56-44. 2024లో క్రిస్టీన్ బిష్ మీద 58-42కు దగ్గరగా. ఫలితం కోసం చివరి కవరు దాకా ఆగాల్సిన పని లేకపోయింది.

దీన్ని ఆయన పనితనానికి ప్రజలిచ్చిన బహుమతిగా రాసుకోవచ్చు. కానీ ఆ మనిషి పెద్దగా మారలేదు. అదే మధ్యేమార్గం, అదే నిదానం. మారింది శివారు. డిగ్రీ చదివి, జీతం మీద బతికే, కలగాపులగంగా ఉండే ఇలాంటి పట్టణాలు ట్రంప్ రాకతో దేశమంతా డెమొక్రాట్ల వైపు జరిగాయి. బెరా పెరిగిన ఆరెంజ్ కౌంటీ ఒకప్పుడు రిపబ్లికన్ల కంచుకోట, రీగన్‌కు ప్రాణం. 2018లో అక్కడి కాంగ్రెస్ సీట్లన్నీ డెమొక్రాట్లు గెలిచారు. బెరా చేసిన ఘనకార్యం ఆ ఊళ్లను మార్చడం కాదు. అవి మారేదాకా, మూడు ఎన్నికలు, పడిపోకుండా నిలబడటం. నిలిచాడు కాబట్టి గెలిచాడు.

సీటు భయం తగ్గాక తీరిక దొరికింది. 2019 చివర్లో విదేశీ వ్యవహారాల కమిటీలో ఆసియా ఉపసంఘానికి అధ్యక్షుడయ్యారు. వుహాన్‌లో కొత్త జబ్బు వార్తలు వస్తున్నప్పుడు, 2020 ఫిబ్రవరి 5న, ఆ ఉపసంఘంలో కరోనా వైరస్ మీద విచారణ పెట్టారు. అమెరికా జనం ఇంకా రెస్టారెంట్లలో కూర్చుని తింటున్న రోజులవి. కౌంటీ వైద్యాధికారిగా నేర్చుకున్నదాన్ని ఆయన కాంగ్రెస్‌లో వాడుకున్న సందర్భాల్లో ఇదే నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపిస్తుంది. వార్తల్లో మాత్రం అది అప్పట్లో మూలకు పోయింది.

2021లో కమిషన్ మళ్లీ గీతలు గీసింది. ఎల్క్ గ్రోవ్, ఫోల్సమ్ ఆయన చేతుల్లోంచి పోయాయి. రాంచో కార్డోవా, సిట్రస్ హైట్స్‌తో కలిసిన కొత్త 6వ నియోజకవర్గానికి మారారు. పదేళ్లు చేసిన ఊళ్లను వదులుకోవాల్సి వచ్చినా ఆ గీతను తప్పుపట్టలేం. ఆయన కోసమో ఆయన మీదో గీసింది కాదు.

2025లో జరిగింది వేరు. ట్రంప్ ఒత్తిడితో టెక్సస్ రిపబ్లికన్లు జనగణనకోసారి గీతలు మార్చే పదేళ్ల గడువు తీరకుండానే, అయిదు సీట్లు అదనంగా రాబట్టుకునేలా సరిహద్దులు మార్చారు. దానికి జవాబుగా కాలిఫోర్నియా డెమొక్రాట్లు పౌరుల కమిషన్ పటాన్ని పక్కనపెట్టి, తామూ అయిదు సీట్లు లాక్కునేలా కొత్త పటం తెచ్చారు. నవంబరు 4న ఓటర్లు 50వ ప్రతిపాదనగా దాన్ని భారీ తేడాతో ఆమోదించారు. టెక్సస్ చేసిన అన్యాయానికి చేతులు కట్టుకుని కూర్చోవాలా అన్న కోపం నాకు అర్థమవుతుంది. అయినా రెండు రాష్ట్రాల్లోనూ నష్టపోయింది శివారు ఓటరే. తన ఓటుతో ఫలితం తిరగబడే అవకాశాన్ని ఆ ఓటరు దగ్గర్నుంచి ఇద్దరూ లాగేసుకున్నారు. బిల్లు వచ్చిన ప్రతిసారీ ఆ ఓటరు ఏమంటాడో అని ఆలోచించే ప్రతినిధులు అలా తగ్గిపోతున్నారు. 2013లో బెరా వేసిన ఓటు లాంటిది భద్రమైన సీటులో కూర్చున్నవాడు ఎందుకు వేస్తాడు?

ఆ ప్రతిపాదన గెలిచిన వెంటనే బెరా తన నిర్ణయం ప్రకటించారు. 6వ సీటు వదిలి, కొత్త గీతలతో డెమొక్రాట్లకు అనువుగా మారిన 3వ నియోజకవర్గంలో పోటీచేస్తానన్నారు. అప్పటికి అది రిపబ్లికన్ కెవిన్ కైలీ చేతిలో ఉన్న సీటు. 2010లో లంగ్రెన్ చేతిలో బెరా ఓడిన నియోజకవర్గం నంబరు కూడా మూడే. హద్దులు మాత్రం వేరు. అప్పుడు శాసనసభ గీసిన గీత ఆయనకు అడ్డు, ఇప్పుడు శాసనసభ గీసిన గీతే ఆయనకు ఆసరా. మధ్యలో 2012లో ఆయనకు తలుపు తెరిచింది ఎవరి పక్షమూ వహించని ఆ పద్నాలుగు మంది. 2030 జనగణన తర్వాత గీసే పని తిరిగి కమిషన్‌కే అప్పగిస్తామని 50వ ప్రతిపాదనలోనే రాసి ఉంది. అధికారంలో ఉన్నవాళ్లు ఆ మాట మీద నిలబడాలని బెరాయే అందరికన్నా ముందు అడగాలి.